సైకిల్ స్టాండుకు ఎన్నో స్థానం?

"సత్యభామ గారి లిస్టులో 'సైకిల్ స్టాండు' లేదు," అన్నాడు శేషాద్రి.

హైందవి కుర్చీలోంచి లేచింది. "మంచిగ చూడండి సార్."

"ఉండేది పది పేర్లే కదమ్మా. రెండు తూర్లు చూస్తిని."

నుంగంబాక్కంలోని ఆ తెలుగు వెబ్ పత్రిక ఆఫీసులో ఏటా డిసెంబరు చివర్లో జరిగే తంతు ఇది. ఎడిటరు శేషాద్రితో కలిపి నలుగురు విమర్శకులు. ఆ ఏడాది వచ్చిన సీరియళ్లలో తమకు నచ్చిన పదింటిని ఎవరికి వారు వరసగా రాసి, కవర్లో పెట్టి అంటించి ఇస్తారు. మొదటి పేరుకు పది మార్కులు, చివరి పేరుకు ఒకటి. అన్నీ కూడితే టాప్ టెన్ తేలుతుంది. ఒకరి లిస్టు ఇంకొకరికి చెప్పకూడదు, కవరు అంటించాక లిస్టు మళ్లీ దిద్దకూడదు. ఈ రెండు నియమాల మీద శేషాద్రికి ఉన్న నమ్మకం తను వేసుకునే బీపీ మాత్రల మీద కూడా లేదు.

'సైకిల్ స్టాండు'లో హీరో లేడు. విషం కలిపే అత్త లేదు. ఉలిక్కిపడేలా మోగే సంగీతం అసలే లేదు. అంబత్తూరు స్టేషను పక్కన రేకుల షెడ్డు, అందులో సైకిళ్లు. కెమెరా ఆ షెడ్డు దాటి బయటికి పోదు. ఫ్యాక్టరీ మనుషులు పొద్దున బండ్లు పెట్టి పోతారు, సాయంత్రం తీసుకుని పోతారు. అంతే కథ. అంతలోనే ఒక పెళ్లి కుదురుతుంది, ఒక స్నేహం చెడుతుంది, ఒక మనిషి మరి తిరిగి రాడు. చూసినవాళ్లు మరిచిపోలేరు. కాకపోతే చూసినవాళ్లే తక్కువ. అందుకే తీసిన కార్తీకకు ఓటీటీ వాళ్లు తెగేసి చెప్పారు. ఈ టాప్ టెన్‌లో ఎక్కడో ఒకచోట ఉంటేనే రెండో భాగం, లేకపోతే ఉన్నదాన్ని కూడా జనవరిలో తీసేస్తామని.

కార్తీక, హైందవి కాలేజీలో ఒకే గదిలో ఉండి చదువుకున్నారు. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు.

"ఏంది మేడం ఇది? మీకు నచ్చలేదా?" అంది హైందవి.

"నచ్చకపోవడమేంటి?" అంది సత్యభామ. "ఆ స్టాండు నడిపే తాయారు, ఎవరూ తీసుకెళ్లని సైకిల్ని రోజూ తుడుస్తుంది చూడు, మాటా పలుకూ లేకుండా. చివరికి ఓ రోజు దాని చైనుకి నూనె వేస్తుంది. నాకు ఏడుపు ఆగలేదు. అన్నం పెట్టమన్న పాపానికి మా ఆయన్ని కసిరాను కూడా."

"మరి?"

"మీరంతా ఎలాగూ మొదటి స్థానం ఇస్తారు కదా అని, నా చోటు ఆ చిన్నపిల్లల సీరియల్‌కి ఇచ్చాను. పాపం, దాన్ని పట్టించుకునే నాథుడే లేడు."

శేషాద్రి రెండో కవరు చించాడు. అది నిరంజన్‌ది. అందులోనూ లేదు.

"అలా చూడకండి," అన్నాడు నిరంజన్ చెవి వెనక గోక్కుంటూ. "వాన ఎపిసోడ్ ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు. అందరూ షెడ్డు కింద ఇరుక్కుపోతారు, ఊసుపోక ఒకడు బెల్లు మోగిస్తాడు, ఇంకొకడు అందుకుంటాడు. సంగీతం లేదన్న మాటే గుర్తురాలేదండీ నాకు. కానీ అందరూ పెట్టేదే నేనూ పెడితే ఇక నా లిస్టు చదివేదెవరు?"

మూడో కవరు శేషాద్రిదే. దాన్ని ఆయన చించి, చూడనైనా చూడకుండా నిరంజన్ ముందు పెట్టాడు.

"నా దాంట్లోనూ లేదు," అన్నాడు. "మేము ఈడ తమిళుల నడుమ మాట్లాడుకునే తెలుగును ఎగతాళి చెయ్యకుండా మాట్లాడించింది ఆ కార్తీక ఒక్కతే. మా మేనత్త గొంతు విన్నట్టు ఉండె నాకు. కానీ ఆ పాత సీరియల్, పన్నెండేండ్లు నడిచి ఈ ఏడు ఆగిపాయె. దాన్ని మర్యాదగా సాగనంపాల గదా. దీనికి మీరు ముగ్గురు ఉండారని అనుకుంటిని."

హైందవి కళ్లలో నీళ్లు తిరిగాయి. "సార్, ఈ కవర్లు పక్కన పెట్టి మళ్ల రాద్దాం. అందరికీ నచ్చింది గద."

"అంటించినాక అంతేమ్మా. మన లిస్టును నలుగురు నమ్మేదే అందుకు."

ఇంతలో నిరంజన్ కాగితం మీద ఏవో కూడికలు వేసి ముఖం పైకెత్తాడు. "ఒక్క మొదటి స్థానం పడినా చాలండీ. పది మార్కులతో చివర్లోనైనా లోపలికి వచ్చేస్తుంది."

గదిలో అందరికీ ప్రాణం లేచొచ్చింది. నాలుగో కవరు హైందవిదే కదా.

"ఏడవకు పిల్లా," అంది సత్యభామ ఆమె భుజం నిమురుతూ. "మేం ముగ్గురం ముంచినదాన్ని నువ్వొక్కదానివే ఒడ్డుకు చేర్చావు."

శేషాద్రి కాఫీలు తెప్పించమన్నాడు. "కార్తీకకు ఫోన్ కొట్టమ్మా, నీ నోటితోనే చెప్పు," అంటూ కవరు అందుకోబోయాడు.

హైందవి ఫోను తీయలేదు. కవరు మీద చెయ్యి పెట్టింది. "విప్పకండి సార్."

"మంచి పని చేసి ఇంత బిడియం దేనికి?" అని నవ్వి, శేషాద్రి కవరు మెల్లగా లాక్కుని చించాడు. పై పేరు నుంచి కింది పేరు దాకా వేలు పెట్టి చదివాడు. కింది నుంచి పైదాకా మళ్లీ చదివాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"దోస్తు అని పెట్టిందంటరేమో అనిపించింది సార్," అంది హైందవి తల దించుకుని. "మీరు ముగ్గురు ఎట్లాగూ పెడ్తరు గద అనుకున్న."