గొడుగు తెరవని మనిషి

మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకతను గొడుగు చేత పట్టుకుని, దాన్ని తెరవకుండా నిలబడి ఉన్నాడు.

టైలరమ్మ మిషన్ ఆపి కిటికీలోంచి చూసింది.

ఆమె ఇంటికి దక్షిణం వైపు ఖాళీ స్థలం ఉంది. అది ఎవరిదో వీధిలో ఎవరికీ తెలియదు. ఆ స్థలం మధ్యలో నిలబడి, అతను తలెత్తి ఆమె డాబా వైపే చూస్తున్నాడు.

డాబా మీద సోలార్ పలకలున్నాయి. టైలరమ్మ పంచప్రాణాలూ వాటిమీదే ఉన్నాయి.

కిందటేడు దాకా ఆమె కుట్టుగది డీజిల్ జనరేటర్ మీద నడిచింది. ఆ వీధిలో పగలు కరెంటు నిలవదు; రోజంతా అది దడదడలాడుతూ రాబడి అంతా తాగేసేది. కుట్టిన బట్టలకు పొగ వాసన పట్టేది, అత్తగారికి దగ్గు పట్టేది. ఇప్పుడు మిషన్లన్నీ ఎండతోనే తిరుగుతున్నాయి. మిగిలిన కరెంటు దాచుకోవడానికి కొత్తరకం బ్యాటరీ కూడా పెట్టించుకుంది. దాంట్లో ఉండేది ఉప్పులోంచి తీసిన సరుకేనని బిగించినవాళ్లు చెప్పారు. ఉప్పు తిన్నది కదా, విశ్వాసంగానే పనిచేస్తుందిలే అని అత్తగారు తేల్చేసింది.

జనరేటర్‌ను పాత ఇనుము కింద ఇచ్చేశారు. ఇక ఈ పలకలకు ఏమైనా అయితే మిషన్లు ఆగిపోతాయి. వాటిని నమ్ముకున్న కుట్టుపనివాళ్లు ఇంటికి పోతారు.

పైగా పక్క వీధిలో పట్టపగలే ఎవరో పలకలు విప్పుకుపోయారు. ఆ దొంగలూ ముందు పెద్దమనుషుల్లాగే వచ్చి చూసి వెళ్లారట.

గొడుగు మనిషి మర్నాడు పొద్దున్నే వచ్చాడు. మళ్లీ సాయంత్రమూ వచ్చాడు. గొడుగును నేలలో నిలువుగా గుచ్చాడు. దాని నీడ ఎక్కడిదాకా పడిందో చూసి ఇటుక ముక్కతో గీత గీశాడు. డాబా వైపు చూసి ఏదో గొణుక్కున్నాడు.

"గొడుగు ఉండీ ఎండలో మాడేవాణ్ణి నమ్మకూడదే అమ్మాయ్," అంది అత్తగారు.

అనుమానం పెనుభూతం అన్నారు. ఆ భూతాన్ని కుట్టుగదిలో అందరూ కలిసి పెంచారు. దొంగల ముఠావాడని కాజాలు కుట్టే ఆమె అంది. జనరేటర్లు అద్దెకిచ్చేవాడు కడుపుమంట కొద్దీ పంపిన మనిషని గుండీలు కుట్టే ఆమె అంది. ఆ గీతలేవో మంత్రగాళ్ల గీతల్లా ఉన్నాయని ఇంకొకావిడ అనేసరికి టైలరమ్మ లేచి వెళ్లి డాబా తలుపుకు తాళం వేసింది.

ఆ తర్వాత కొన్నాళ్లు అతను కనిపించలేదు. చలి ముదిరాక మళ్లీ ఊడిపడ్డాడు. ఈసారి నేరుగా గేటు దగ్గరకే వచ్చాడు. ఈ రోజుల్లో పలకల మీద ఎండ ఏ వేళ దాకా ఉంటుందని, మిషన్లు ఎప్పుడు ఆపుతారని నెమ్మదిగా అడిగాడు.

దొంగ తనంతట తానే దొరికిపోయాడనుకుంది టైలరమ్మ.

ఆమె కేకలకు వీధంతా పోగైంది. ఒకరు గొడుగు లాక్కున్నారు. ఇంకొకరు దాన్ని విరిచి మురుగుకాలువలో పారేశారు. అతను ఏదో చెప్పబోయాడు గానీ ఆమె నోరు తెరవనివ్వలేదు.

"ఇంకోసారి ఇటు వచ్చావంటే మర్యాదగా ఉండదు. నీ నీడ కూడా మా ఇంటి మీద పడకూడదు."

అతను డాబా మీది పలకల వంక చూశాడు.

"పడకూడదనే కదమ్మా, ఇన్నాళ్లూ తిరిగాను," అన్నాడు.

ఎంత పొగరో అనుకున్నారు అందరూ. పీడ విరగడైందని అత్తగారు కోడలి ధైర్యాన్ని పదిమందిలో మెచ్చుకుంది. ఆవిడ నోట కోడలికి మెప్పు రావడం అదే మొదలు.

వేసవిలో ఆ స్థలంలో పునాదులు తవ్వారు. మళ్లీ చలికాలం వచ్చేసరికి అక్కడ మూడంతస్తుల మేడ లేచి నిలబడింది.

పలకల మీద ఎండ పడటం మానేసింది. మిషన్లు పట్టుమని గంట తిరిగితే గొప్ప. స్కూలు యూనిఫారాలు సగంలో ఆగాయి. కాజాలామె వేరేచోట పని చూసుకుంది. మళ్లీ జనరేటరే గతేమో అని అత్తగారే అంది. అని, గుర్తొచ్చి దగ్గింది.

టైలరమ్మ వెళ్లి మేడ యజమానిని అడిగింది. నా స్థలం, నా మేడ, అనుమతులన్నీ ఉన్నాయి అని అతను మర్యాదగానే చెప్పి తలుపేసుకున్నాడు.

ఏడుపు ఆపుకుంటూ మెట్లు దిగింది. కింద ముసలి మేస్త్రీ తాపీ కడుక్కుంటున్నాడు. ఈ స్థలాన్ని ఇలాంటివాడికి అమ్మిన పాపిష్టివాడెవడో గానీ, పక్కవాళ్లు ఏమవుతారని ఒక్క క్షణం ఆలోచించలేదని అతని ముందు కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

మేస్త్రీ చేతిలో పని ఆగిపోయింది.

"ఆయన్ని అలా అనకమ్మా. ఉద్యోగం విరమించాక ఇక్కడే ఇల్లు కట్టుకుందామని ముందు నా దగ్గరికే వచ్చాడు. మీ వైపు మేడే వద్దన్నాడు, కింది గదులు చాలన్నాడు. వాటి గోడ ఎంత ఎత్తు లేపితే మీ పలకలకు అడ్డం రాదో నీడ బారుగా పడే చలికాలం ఎండలో తేల్చుకున్నాకే పునాదికి ముగ్గు పోయమన్నాడు."

టైలరమ్మ ఇసుక కుప్ప మీద కూలబడింది.

"మరి... ఎందుకు అమ్మేశాడు?"

"నేనూ అదే అడిగాను. దొంగ అని తరిమిన చోట ఏ ముఖం పెట్టుకుని కాపురముంటాను మేస్త్రీ, అన్నాడమ్మా మీకు పొరుగు కావలసినాయన."