లొంగని కడ్డీ

"ఈ కడ్డీ కూడా విరిగిందంటే నా పెద్దోడి గతేంటన్నయ్యా?"

బొమ్మల కొట్టాయన కళ్లజోడు పైకి తోసుకుని ఆమె వంక చూశాడు. అద్దాల బల్ల మీద బొమ్మ లారీ ఉంది. ముందు చక్రాలు రెండూ అలిగిన తోడికోడళ్లలా చెరో దిక్కు చూస్తున్నాయి. రిమోటుతో నడిచే ఆ లారీని ఒక్కో ముక్కా ఏరుకొచ్చి కట్టిన చిన్నోడు, తల్లి పక్కన తలవంచుకుని నిలబడ్డాడు.

"బండి చిన్నోడిదంటిరి. మధ్యలో పెద్దోడెందుకొచ్చాడు చెల్లెమ్మా?"

"పెద్దోడు లారీ డ్రైవరు. వీడు దీన్ని అచ్చం అన్న లారీలాగే కట్టాడు. ఆ రంగే, ఆ నంబరే. సీట్లో ఉన్న ఆ బొమ్మకి మీసాలు కూడా వాడివే. మొన్న దీని దీపం పగిలింది, సాయంత్రానికి అక్కడ దాని దీపం పగిలింది. దీని వెనక తలుపు ఊడింది, దాని తలుపూ ఊడింది. ఇవాళ పొద్దున దీని స్టీరింగు కడ్డీ విరిగింది. వాడేమో కొండ దారిలో ఉన్నాడు."

"తుమ్మితే జ్వరం, దగ్గితే క్షయ అనుకునే రకం మావయ్యా మా అమ్మ," అన్నాడు చిన్నోడు. "లారీలన్నాక దీపాలు పగలవా?"

"నువ్వు నోరు మూసుకో. సాయంత్రమయ్యేలోపు బాగవ్వాలి, అంతే."

కొట్టాయన స్టీరింగు కడ్డీలు రెండు తీసి ముందు పెట్టాడు. ఒకటి ఇనపది. రెండోది ప్లాస్టిక్కుది, నడుమ చిన్న స్ప్రింగుంది.

"నా మాట విని స్ప్రింగుది తీసుకోండి. చక్రం రాయికి తగిలితే ఇది కాస్త లొంగుతుంది. ఆ దెబ్బని తనే మింగేస్తుంది."

"మింగలేకపోతే?"

"విరుగుతుంది. విరగడానికే పెడతారు దీన్ని."

ఆమె స్ప్రింగు ముక్కను పామును చూసినట్టు చూసి, వేలితో అవతలికి నెట్టేసింది. "లొంగేదీ వద్దు, విరిగేదీ వద్దు. ఇనపదే వెయ్యండి. చక్రాలు తిప్పే మోటారు కూడా ఇనప పళ్లదే ఇవ్వండి."

"అన్నీ గట్టివే వేస్తే ఎలా చెల్లెమ్మా? తగిలిన దెబ్బ గాల్లో కలిసిపోదు. ఎవరో ఒకరు పుచ్చుకోవాలిగా."

"ఎవరైనా పుచ్చుకోనివ్వండి. బండికి మాత్రం ఏమీ కాకూడదు."

ఇంటికొచ్చాక చిన్నోడు ముక్కలన్నీ బిగించి లారీని హాల్లో వదిలాడు. అది సోఫా చుట్టూ తిరిగి, కుర్చీ కాళ్ల మధ్య దూరి వచ్చింది. చెప్పినట్టు వింటోందని వాడు వేగం పెంచాడు. మలుపులో జారి వెళ్లి ఇనప బీరువా కాలిని ఠంగున గుద్దుకుంది.

తల్లి చతికిలబడి లారీని ఒళ్లోకి తీసుకుంది. చక్రాలను వేలితో కుడికి తిప్పింది, ఎడమకు తిప్పింది. కడ్డీ వంగలేదు. దీపం పగల్లేదు. ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

"చూశావా, ఇనుమంటే ఇనుమే," అంది. పొద్దున్నించి ఆమె ముఖంలో నవ్వు కనిపించడం అదే మొదలు.

చిన్నోడు వంగి క్యాబిన్ అద్దంలోంచి లోపలికి చూశాడు.

"అమ్మా, బొమ్మేదీ?"

సీటు ఖాళీగా ఉంది. తలుపులు రెండూ బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. అద్దాలు చెదరలేదు.

"నువ్వే తీసుంటావు."

"బంకేసి అంటించానమ్మా, ఎలా తీస్తాను? నువ్వు కూడా ఇందాక కొట్లో చూశావుగా."

బీరువా కింద చీపురు పెట్టి లాగారు. దుమ్ము వచ్చింది, ఒక బొత్తాం వచ్చింది. సోఫా జరిపారు, చాప దులిపారు. బొమ్మ లేదు. ఈసారి చిన్నోడు వెక్కిరించలేదు. తనే ఫోను తెచ్చి, అన్న నంబరు నొక్కి తల్లి చేతిలో పెట్టాడు.

మోగింది. ఆగిపోయింది. మళ్లీ చేస్తే మళ్లీ మోగింది. చివరికి ఎత్తారు గాని ఎవరూ పలకలేదు. ఇంజను చప్పుడు ఒక్కటే గుడగుడమని వినిపిస్తోంది.

"పెద్దోడా, నేనురా, అమ్మని. పలకరా నాయనా."

ఇంజను చప్పుడే.

"కోపమైతే రేపు తిడుదువుగాని. ఇప్పుడొక్క మాట పలకరా."

ఆమె ఫోనును చెవికేసి అదుముకుంది. చిన్నోడు దగ్గరగా జరిగి చెవి ఆనించాడు. అవతల ఒక కొత్త గొంతు పలికింది.

"దారిన పోయేవాణ్నమ్మా, ఫోను మోగుతుంటే అద్దం సందులోంచి చెయ్యి పెట్టి తీశాను. లారీ రాతి గోడను గుద్దుకుని ఆగింది, గోడే కూలింది గాని బండికి గీత కూడా పడలేదు, తలుపులు లోపల్నించి వేసినవి వేసినట్టే ఉన్నాయి... సీట్లో మాత్రం ఎవరూ లేరమ్మా."