ఎదుటి కిటికీ

బీరువా జరిపేసరికి భార్యాభర్తలిద్దరికీ తలప్రాణం తోకకొచ్చింది.

చివరికది కిటికీకి అడ్డంగా, గోడకు అతుక్కుని నిలబడింది.

"ఇప్పుడు చూడమనండి, ఏం చూస్తాడో," అంది ఆమె చేతులు దులుపుకుంటూ.

ఆ చూసేవాడు ఎదుటి వాటాలో ఒంటరిగా ఉండే ముసలాయన. సందులో అందరూ అతన్ని కిటికీ తాత అంటారు. వీళ్ళు ఇల్లు మారి వచ్చిన రోజు నుంచీ అదే వరస. పొద్దున లేస్తే చాలు, తన కిటికీ దగ్గర తయారు. ఈమె కిటికీ రెక్కలు దగ్గరికి వేసిందంటే, రెండు చేతులూ చాపి తెరువు, తెరువు అన్నట్టు సైగలు.

ఒంటరి మగాడు ఆడమనిషికి అలా సైగ చేస్తే ఎవరైనా ఏమనుకుంటారు? ఆమె కూడా అదే అనుకుంది.

ఉన్నది ఒక్కటే గది. వంట కూడా అందులోనే. దానికి ఉన్నది ఆ ఒక్క కిటికీ. అది కాస్తా మూసుకుపోయాక, పొయ్యి మీది ఆవిరీ, తాడు మీది తడిబట్టల చెమ్మా ఎటు పోవాలో తెలియక గదిలోనే ఉండిపోయాయి. పట్టపగలే దీపం వేసుకోవాల్సి వచ్చింది.

అంతలో వానలు పట్టుకున్నాయి.

పాప మంచం పక్క గోడ మీద ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు లేచాయి. ఆమె బ్లీచింగ్ నీళ్ళతో తుడిచింది. బూజు మళ్ళీ వచ్చింది, ఈసారి అరచెయ్యంత. గోడ గీకించి రంగు వేయించారు. మొండిఘటం, రంగులోంచి కూడా పైకొచ్చింది. తలగడలకు పట్టింది, భర్త తోలు చెప్పులకు పట్టింది.

పాపకు దగ్గు పట్టుకుంది. ఇంకా బడి మొహం కూడా చూడని పిల్ల. నవ్వితే దగ్గు, పడుకుంటే దగ్గు.

ఇల్లు మారిపోదామంటే, ఇప్పటికిప్పుడు ఎక్కడ దొరుకుతుందన్నాడు భర్త. బయట వాన, ఎదుట ఆ మనిషి, లోపల బూజు. ఎటూ కదల్లేని చోట ఇరుక్కుపోయానని ఆమె మంచం మీద కూర్చుని ఏడ్చింది.

ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే అతనే. గుమ్మం అవతల నిలబడి ఆయాసపడుతున్నాడు.

"పాప దగ్గు నా గదిలోకి వినిపిస్తోందమ్మా. ఆ బీరువా తీసేసి కిటికీ తెరిచి పెట్టు."

ఎంత ధైర్యం! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పాపను వెనక్కి లాక్కుంది.

"నా కిటికీ తెరిస్తే మీకేంటి?"

అతను తల దించుకున్నాడు.

"నా కిటికీ మూసేసుకుంటాను. మళ్ళీ తెరవను. నువ్వు మాత్రం తెరువమ్మా."

ఆమె అతని మొహం మీదే తలుపు వేసేసింది. సాయంత్రం సంగతి విని భర్త వెళ్ళి కడిగిపారేసి వచ్చాడు. 

మర్నాడు ఎదుటి నుంచి సుత్తి చప్పుడు వినిపించింది. ఆమె పట్టించుకోలేదు.

వానలు వెనకబట్టే వేళకి పాపకు ఒక పొద్దున ఊపిరి అందలేదు. ఆస్పత్రికి పరుగెత్తారు. పిల్ల తేరుకున్నాక డాక్టరమ్మ ఇంటి సంగతులన్నీ అడిగింది. మందులు రాస్తూ, ఆ గదిలోకి గాలి రానంత కాలం ఇవి ఎన్ని వాడినా దండగే అంది.

ఇంటికొచ్చి బీరువా లాగితే వెనక గోడంతా నల్లగా నూగు కట్టి ఉంది. తుడిచి, ఆరబెట్టి, బీరువాను ఇంకో మూలకు జరిపి గోడకు జానెడు ఎడంగా పెట్టారు. ఇక మిగిలింది కిటికీ. అతను కనిపిస్తే నాలుగు దులిపేద్దామని సిద్ధపడి ఆమె రెక్కలు తెరిచింది.

ఎదుటి కిటికీకి లోపలి నుంచి చెక్కలు కొట్టి ఉన్నాయి.

గది ఆరింది. పాప దగ్గు తగ్గింది. ఎదుటి కిటికీ మాత్రం తెరుచుకోలేదు. మొదట పీడా పోయిందనుకుంది. తర్వాత ఆ చెక్కలు చూసినప్పుడల్లా ఆమెకు మనసు మనసులో ఉండేది కాదు. ఒక్క మాట చెప్పి వద్దామని ఎదుటి వాటాకు వెళ్ళింది.

తలుపు తీసే ఉంది. రెండు వాటాలకూ యజమానురాలైన ఇంటావిడ, ముక్కుకు కొంగు కట్టుకుని గోడ రుద్దుతోంది. ఆ గోడ కింది నుంచి పైదాకా నల్లగా బూజు పట్టి ఉంది.

"ఆయాసం ముదిరిందని ఆయన తమ్ముడొచ్చి తీసుకెళ్ళాడమ్మా. ఇక లేవడంటున్నారు. వానలోనూ కిటికీ మూయని మనిషి, ఏం పుట్టిందో, చెక్కలు కొట్టేసుకున్నాడు. గోడ చూడు, ఎలా తగలేశాడో."

 ఆమె ఆ గోడ వంకే చూస్తూ, ఆయనకు భార్యాబిడ్డలెవరూ లేరా పిన్నిగారూ అని అడిగింది.

ఇంటావిడ రుద్దడం ఆపింది.

"ఒక కూతురుండేది, మీ పాప ఈడుది. దగ్గుతో పోయింది. అప్పట్లో వాళ్ళు మీ గదిలోనే ఉండేవాళ్ళమ్మా, ఆ కిటికీకి అడ్డంగా బీరువా పెట్టుకుని."