సీసం గుంటల పెద్దాయన

"అమ్మా, మీ పాత బ్యాటరీలు యాడికి పోతాండాయో నేను సూపిస్తా. లారీ తీసుకొని రామ్మా."

మదనపల్లెలో బ్యాటరీ కంపెనీ గోడౌన్ గేటు దగ్గర నిలబడి ఆ ముసలాయన అన్న మాటకి కీర్తి స్కూటర్ ఆపింది.

అమ్మిన బ్యాటరీ పాడయ్యాక దాన్ని కంపెనీయే వెనక్కి తీసుకోవాలి. పొగా విషమూ బయటికి రాని ఫ్యాక్టరీలో కరిగించి, ఏటా ప్రభుత్వానికి చూపించాలి. అది నియమం. ఆ కంపెనీలో ఆ పని చూసే ఆఫీసరు కీర్తి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం షాపుల్లో అమ్మినవాటిలో సగం కూడా తిరిగి రావడం లేదు. ఈసారీ ఇంతే అయితే లైసెన్సు మీదికి వస్తుందని మేనేజరు మురళీధర్ రోజూ ఆమె మీద మండిపడుతున్నాడు.

"మీరెవరు?"

"మల్లప్ప. పుంగనూరు పక్కన పల్లె."

"చూపిస్తే మీకేం కావాలి?"

"ఆడుండే మనుషుల్ని నువ్వు కండ్లారా సూడాల. అంతే."

పుంగనూరు దాటాక, ఎండిపోయిన చెరువు వెనక లారీ ఆగింది.

అక్కడ నేలంతా నల్లగా ఉంది. గుంటల్లో మంటలు. కొందరు మగవాళ్లు పాత బ్యాటరీలు సుత్తులతో పగలగొట్టి, ఆసిడ్ నేలమీద పారబోసి, లోపలి సీసం పలకలు కరిగిస్తున్నారు. పొగకి కీర్తి కళ్లు మండిపోయాయి.

లారీని చూడగానే వాళ్లు ఇనుప కడ్డీలు పట్టుకుని ముందుకొచ్చారు.

మల్లప్ప కిందికి దిగాడు.

కడ్డీలు ఎక్కడివక్కడ జారిపోయాయి. అందరూ తలగుడ్డలు తీసి నిలబడ్డారు.

"కంపెనీవాళ్లే కొంటారంటప్పా. ఇంక కరిగించేది వద్దు. లారీకి ఎత్తండి."

ఎవరూ ధర అడగలేదు. ఎందుకు అని కూడా అడగలేదు. ఒకడు వెళ్లి మంటల మీద మట్టి కప్పాడు. మిగతావాళ్లు బ్యాటరీలు మోయడం మొదలుపెట్టారు.

పోలీసులు ఎన్నిసార్లు వచ్చినా బూడిద తప్ప ఏమీ దొరకని చోటు అది.

కుప్పం దారిలో ఇంకో గుంట. అక్కడా అంతే. కొండలాంటి మనిషొకడు పరిగెత్తుకుంటూ వచ్చి మల్లప్ప కాళ్లకి మొక్కాడు.

తిరిగి వస్తుంటే మల్లప్ప అడిగాడు.

"వీళ్లకి ఈ పని తప్ప ఇంగోటి రాదమ్మా. ఊరూరా తిరిగి పాత బ్యాటరీలు తెచ్చే పని మీ కంపెనీలోనే ఇయ్యండి. సేతులకి గ్లౌజులు, మెడలో కార్డు. అప్పుడు ఎవరూ గుంటకాడికి పోరు."

టీ కోసం పలమనేరులో ఆగినప్పుడు డ్రైవరు మహేష్ ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"మేడమ్, ఈ గుంటలన్నిటికీ పెద్ద ఈయనే. లేకుంటే వాళ్లు ఇట్ల భయపడతారా? ఇప్పుడు తన మనుషుల్ని మన కంపెనీలో దూర్చాలని సూస్తాండాడు."

కీర్తికి అదే నిజమనిపించింది.

"ఇక మీరు రానక్కర్లేదు పెద్దాయనా. ఇక్కడి నుంచి బస్సులో వెళ్లిపోండి" అంది.

మల్లప్ప ఆమె ముఖంలోకి చూశాడు. కోపం రాలేదు ఆయనకి.

"నన్ను మర్సిపోయినా పర్వాలేదు. వాళ్లని మర్సిపోవద్దమ్మా."

ఆ తర్వాత ఆయన రెండుసార్లు గోడౌన్‌కి వచ్చాడు. రెండుసార్లూ వాచ్‌మన్ గేటు తీయలేదు. తీయొద్దని చెప్పింది కీర్తే.

మళ్లీ లారీ పంపితే ఖాళీగా తిరిగొచ్చింది.

"'మల్లప్ప యాడ? ఆయన లేకుండా బ్యాటరీలు ఈమంటే ఈం' అన్నారు వాళ్లు మేడమ్" అన్నాడు మహేష్.

కీర్తి చాలా రోజులు ఆలోచించింది. ఆయన ఎవరైనా కానీ, అడిగిన దాంట్లో తప్పేముంది? చివరికి మురళీధర్‌తో పోట్లాడి ఒప్పించింది. గుంటల దగ్గర పనిచేసే అందరికీ ఉద్యోగాలు. గ్లౌజులు, కార్డులు.

ఆ మాట మల్లప్పకి తనే చెప్పాలని పొద్దున్నే పుంగనూరు వెళ్లింది.

గుంటల దగ్గర నరపురుగు కూడా లేదు.

పల్లెలోకి వెళ్తే అందరూ అక్కడే కనిపించారు. కుప్పం వాళ్లూ ఉన్నారు. ఒక చిన్న అద్దె గది ముందు నేలమీద పడి ఏడుస్తున్నారు. మధ్యలో మల్లప్ప, తెల్లటి గుడ్డ కింద.

కాళ్లకి మొక్కిన ఆ కొండలాంటి మనిషి పాడె కడుతున్నాడు. వేసిన ముడే విప్పి మళ్లీ వేస్తున్నాడు.

కీర్తి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. పక్కనే ఒక ఆడమనిషి కూతుర్ని పొదువుకుని కూర్చుంది. పేరు రాణి. ఆమె మొగుడూ గుంట దగ్గరే పనిచేస్తాడు.

"ఆయన మీ అందరికీ పెద్దా?" మెల్లగా అడిగింది కీర్తి.

"పెద్దా? ఆయన సుత్తి పట్టిందే లేదు మేడమ్."

"మరి మీరంతా ఆయనకి ఎందుకంత భయపడేవాళ్లు?"

"భయమా!" రాణి కళ్లు తుడుచుకుంది. "మా గుంటల పక్క పొలం ఆయనది. మా పొగ పడిన గడ్డి మేసి ఆయన ఆవులన్నీ సచ్చిపోయినాయి. అయినా మా మీద కేసు పెట్టలేదు."

కీర్తి ఆమె పక్కనే నేలమీద కూర్చుంది.

"అప్పుడు కుప్పమోళ్లూ మాతో ఈడనే ఉండిరి. ఆవులకి వచ్చిన రోగమే మా పిల్లోళ్లకి వస్తాండాదని మాకంటే ముందు కనిపెట్టింది ఆయనే మేడమ్, ఆ పొలం అమ్మేసి మా బిడ్డల్నందర్నీ వేలూరు ఆస్పత్రికి ఎత్తుకొని పోయి బతికించుకొచ్చినాడు."