నెజ్మి బిల్డింగు కింద గీత

“ఆ ఎర్రగీత చెరిపెయ్యి,” అన్నాడు బిల్డర్ నెజ్మి, కంప్యూటర్ తెర మీద వేలు పొడుస్తూ.

గుల్తెన్ టీ గ్లాసు పక్కన పెట్టింది. మున్సిపాలిటీలో భూగర్భ ఇంజనీరు ఆవిడ. మొరాకో నుంచి ఇండోనేషియా దాకా ముస్లిం దేశాల్లో భూమి ఎక్కడ కదులుతుందో, వరద ఎక్కడ ముంచుతుందో, ఫ్యాక్టరీ ఎక్కడ పేలుతుందో చూపించే పటం ఒకటి తయారవుతోంది. అందులో తమ ఊరి భాగాన్ని ఆ సాయంత్రానికల్లా టర్కీ రాజధాని అంకారాకి పంపాలి.

“అది నేను గీసింది కాదు నెజ్మి గారూ. నేల కింద నిజంగానే పగులుంది.”

“ఉంటే ఉంది! సరిగ్గా నా ఎనిమిదంతస్తుల కిందే ఉండాలా? పక్కన గొర్రెల బీడుంది కదా, అటు జరుపు.”

“గొర్రెలు ఫ్లాట్లు కొనవు కదండీ. రేపు నేల కదిలితే మీ బిల్డింగులో ఉన్నవాళ్ళ గతేమిటి?”

“శుభమా అని అమ్ముకుంటుంటే అపశకునం మాటలు!” అంటూ నెజ్మి మేయర్‌కి ఫోన్ కలిపి, సంగతి చెప్పి స్పీకర్ పెట్టాడు.

“చెరిపెయ్యమ్మా,” అంది ఫోన్. “ఎవరి నుదుటి రాత ఎలా ఉంటే అలా జరుగుతుంది.”

“అంతా రాతే అయితే కార్లో బెల్టెందుకు పెట్టుకుంటారు మేయర్ గారూ?”

“నేనెక్కడ పెట్టుకుంటాను? బెల్టు పెట్టుకోమని కారు పెట్టే కూత ఆగడానికి దాన్ని వీపు వెనక తగిలిస్తాను.”

గుల్తెన్ పగులు సంగతి మళ్ళీ చెప్పబోయింది.

“నువ్వు చెరపకపోతే చెరిపేవాణ్ణి ఆ కుర్చీలో కూచోబెడతాను,” అని మేయర్ ఫోన్ పెట్టేశాడు.

ఒళ్ళు మండిపోతుంటే గుల్తెన్ మౌస్ నొక్కింది. గీత మాయమైంది. ఈ దేశంలో భూకంపాన్ని ఆపడం ఇంత తేలిక! నెజ్మి అప్పటికప్పుడు బక్లావా మిఠాయి పెట్టె తెప్పించి ఆఫీసంతా పంచాడు. గుల్తెన్ ముట్టుకోలేదు. ఏడుపొచ్చినంత పనైంది ఆవిడకి.

వారం తిరక్కుండానే నెజ్మి మళ్ళీ వచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. లోపలికొస్తూనే తలుపు మూశాడు.

“మీ అమ్మాయికి నిశ్చితార్థమైందటగా, సంతోషం,” అంది గుల్తెన్ ముభావంగా.

“ఆ గీత మళ్ళీ వెయ్యమ్మా. ఒక్క కాపీలో చాలు. ఇంకెవరికీ తెలియక్కర్లేదు. ఆఫీసు ముద్ర కూడా కొట్టివ్వు.”

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. “ఆటగా ఉందా మీకు? ఇప్పుడెవరికి చూపించాలి?”

“మా వియ్యంకుడికి. తెలిసే కట్టానని నేను నోరు విప్పితే నా వ్యాపారం మునుగుతుంది, ఆఫీసు కాగితం చూపి నువ్వు చెబితే నమ్ముతాడు.” నెజ్మి కుర్చీలో కూలబడ్డాడు. “మేం ఆశ్చర్యపోవాలని, మాకు తెలియకుండా వేరేవాళ్ళ పేరుతో కాబోయే జంటకి ఇల్లు కొన్నాడు... నా బిల్డింగులోనే!”