పేరు లేని పడవ

ఇలా దగ్గరికి జరుగు, చెప్తాను. ఆ పొద్దున మీ తాతయ్యతో నేనూ పడవలో ఉన్నాను. చుట్టూ పొగమంచు. చేపలు పడే చోటు పక్క పడవలవాళ్లు కనిపెట్టేస్తారని, మా పడవ పేరూ జాడా అందరికీ తెలిపే పెట్టెను ఆయన ఆపేశారు.

ఇంతలో రేడియోలో మీ అమ్మ గొంతు. రేవులో ఓడల రాకపోకలు చూసే ఉద్యోగం కదా దానిది! పెట్టె ఆపేశాం కాబట్టి దాని రాడార్ తెరమీద మేం పేరు లేని చుక్కలా కనబడ్డాం, అంతే.

"పేరు తెలియని పడవా, పెద్ద ఓడ మీ మీదికే వస్తోంది. కుడికి తిరగండి!"

తాతయ్య బిగుసుకుపోయారు.

"ఎవరైనా సరే, బాబూ, ఇంట్లో మీకోసం చూస్తుంటారు. తిరగండి!"

ఆయన చుక్కాని తిప్పారు. ఇనుప గోడలాంటి ఓడ మమ్మల్ని రాసుకున్నట్టే వెళ్లిపోయింది.

తాతయ్య రేడియో అందుకున్నారు. "నేనేనమ్మా, నాన్నని."

మీ అమ్మ గయ్యిమంది. "ఉండండి, మీ సంగతి అమ్మతో చెప్తాను!"

"అమ్మ ఇక్కడే ఉంది."

అటు నుంచి వెక్కిళ్లు వినిపించాయి. తాతయ్య పెట్టెను మళ్లీ వేశారు.

"కనబడుతున్నామా, తల్లీ?"

"కనబడుతున్నారు నాన్నా. ఇద్దరూ."

ఇది గుర్తుంచుకుని, పడవెక్కే ప్రతివాళ్లకీ నువ్వు చెప్పాలి, సరేనా?