లైను దాటిన పెద్దాయన

ముందు ఎవరైనా దూరితే బస్సు డ్రైవరమ్మ ఊరుకోదు. రోడ్డు మీదైనా అంతే, ఆసుపత్రిలోనైనా అంతే.

“ఇదిగో పెద్దాయనా! ఇప్పుడు నా వంతు. మీరెలా వెళ్తారు?”

ఎమ్మారై గది తలుపు దగ్గర ఆ నెరిసిన జుట్టు మనిషి ఆగాడు. విప్పిన చెప్పులు చేత్తో పట్టుకుని మొహమాటంగా నవ్వాడు.

“కాసేపేనమ్మా. నేనయ్యాక మీరే.”

“అందరికీ కాసేపే! నా తలలో బాంబుంది, తెలుసా?”

“ఊరుకోవే,” అని భర్త చెయ్యి పట్టి లాగాడు. ఆయన దర్జీ. కంగారులో మెడలో టేపు కూడా తియ్యకుండా వచ్చేశాడు.

బాంబన్న మాట అబద్ధమేం కాదు. ఆమె మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బింది.

“సైజు చిన్నదే,” అని అంతకుముందే చెప్పాడు డాక్టరు. “కానీ దాని గోడ ఎలా ఉందో చూడాలి. బాగుంటే మీ బస్సు మీరు నడుపుకోవచ్చు. వాచి ఉంటే మాత్రం పగలకముందే మూసెయ్యాలి.”

“టైరు కాస్త ఉబ్బినా నేను బస్సు తియ్యను డాక్టరుగారూ. చూడండి,” అంది ఆమె.

కాసేపన్న పెద్దాయన చాలాసేపటికి చెవులు రుద్దుకుంటూ బయటికొచ్చాడు.

“మిషను మోగుతున్నప్పుడు గుటక వెయ్యకండమ్మా, బొమ్మ చెదిరిపోతుంది. చప్పుడు ఆగాక వేసుకోండి.”

“ముందు మీరు లైనులో రావడం నేర్చుకోండి!”

ఆయన మళ్ళీ అదే నవ్వు నవ్వి వెళ్ళిపోయాడు.

లోపల మిషను చెవులు చిల్లులు పడేలా మోగింది. సరిగ్గా అప్పుడే గొంతులో గుటక కదిలింది. పెద్దాయన మాట గుర్తొచ్చి, ఆయన్ని తిట్టుకుంటూనే ఆపుకుంది.

బొమ్మలో రక్తం నల్లగా, నాళం గోడ సన్నటి గీతలా వచ్చింది. బుడగ దగ్గర ఆ గీత ఒకచోట తెల్లగా మెరుస్తోంది.

“ఇక్కడ వాచింది,” అన్నాడు డాక్టరు. “చిన్నదే కదా అని ఇంటికి పంపేసి ఉంటే...”

దర్జీ టేపుతోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె ఏడవలేదు. “కానివ్వండి,” అంది.

తొడ దగ్గర నాళంలోంచి సన్నటి తీగ పంపి బుడగను మూసేశారు. ఆమె గెలిచింది. మళ్ళీ స్టీరింగు పట్టిన రోజు అవసరం లేకపోయినా హారను మోగించింది. ఎక్కినవాళ్ళందరినీ పేరుపేరునా పలకరించింది.

తర్వాత పరీక్షకు వెళ్తుంటే భర్త ఒక కొత్త చొక్కా చేతిలో పెట్టాడు.

“ఆ పెద్దాయనకివ్వు. కొలతలు నా కంటికి గుర్తున్నాయి. తిట్టినందుకు క్షమించమని కూడా చెప్పు.”

ఆమె స్కానింగ్ గది టెక్నీషియన్ దగ్గరికి వెళ్ళింది.

“ఆ రోజు నా ముందు దూరిన పెద్దాయన ఎలా ఉన్నారండీ? పాపం, తగ్గిందా?”

“తగ్గడానికి ఆయనకేం జబ్బండీ? గుండ్రాయిలా ఉన్నారు.”

“మరి ఎమ్మారై ఎందుకు?”

“ఈ నాళం గోడ బొమ్మ రావాలంటే మిషను బాగా కుదరాలి. కుదిరిందో లేదో ముందు ఏ జబ్బూ లేని తల మీద చూసుకుంటాం. అంతసేపు కదలకుండా పడుకోవడానికి ఎవరొస్తారు? ఆయన భార్య బుడగ కూడా చిన్నదేనని అప్పట్లో ఇంటికి పంపేశారు. గోడ చూడటం అప్పుడు ఎవరికీ రాదు. అది పగిలి ఆవిడ పోయినప్పటినుంచి మేం ఎప్పుడు పిలిచినా వస్తారు. ఇప్పుడూ లోపలే ఉన్నారు.”

ఆమె చొక్కా గుండెలకు హత్తుకుని బయట బల్ల మీద కూర్చుంది. కన్నీళ్ళు ఆగలేదు.

పక్కనున్న లావుపాటి మనిషి విసుక్కున్నాడు. “చూశారా అమ్మా! వంతు నాదైతే ఎవరో ముసలాయన ముందు దూరిపోయాడు.”

“కూర్చోండి అన్నయ్యా,” అందామె కళ్ళు తుడుచుకుని నవ్వుతూ. “ఆయన లోపల పడుకున్నది మీ కోసమే.”